పది నిమిషాల గడువు

వదిన పని చేస్తుంటే చూసి రమ్మని మా ఆఫీసు సారు నన్ను పంపారు. చూడడమంటే ఊరికే చూడడం కాదు. "నోరు విప్పొద్దు, చెయ్యి వెయ్యొద్దు. సాయంత్రం నాకు ఫోన్ చేసి, ఆవిడ చేతిలో ఇంకా పనిముట్ల బ్యాగు ఉంచొచ్చా లేదా ఒక్క ముక్కలో చెప్పు" అన్నారు.

కంపెనీల కంప్యూటర్లని ఒకదానితో ఒకటి కలిపే ఈ పని నాకు నేర్పిందే వదిన. ఏ తీగ ఎందులో దూర్చాలో తెలియక గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డవాణ్ణి పట్టుకుని, నెత్తిన మొట్టికాయలు వేసి, మనిషిని చేసింది. ఇప్పుడు ఆవిడకి మార్కులు వెయ్యడానికి నన్ను కూర్చోబెట్టారు. పొద్దున బండి మీద వెనక కూర్చుని వదిన ఒకే మాటంది: "మార్కులు వేసేవాడివి, బండి కాస్త నెమ్మదిగా పోనీ."

అన్నయ్య పోయి నాలుగు నెలలు. లారీ మెకానిక్కు. ఒంట్లో బాగాలేదని ఒక్కరోజు సెలవు పెట్టి ఎరగడు. వదిన ఈ నాలుగు నెలల్లోనూ ఏడవలేదు. మా మేనత్త "ఇది రాయే తల్లీ" అని అందరి ముందూ అనేసింది. రాయి కాదు. పన్ను పీకేముందు మత్తుసూది గుచ్చితే బుగ్గ ఉందో ఊడిందో తెలియదు చూడండి, అలాగుంది మనిషి. అన్నం పెడితే తింటుంది, పిలిస్తే పలుకుతుంది.

కిందటి నెల ఒక మందుల గొడౌన్‌లో కొత్త రౌటర్ పెట్టి వచ్చింది. రౌటరంటే ఏమీ లేదు, నాలుగు దార్ల మధ్య నిలబడి ఏ కబురు ఎటు పోవాలో చెప్పి పంపే పెట్టె. ఆ పెట్టెకి మనం ఏం చెప్పినా ముందు పైపైన గుర్తు పెట్టుకుంటుంది. పని బ్రహ్మాండంగా చేస్తుంది కూడా. కానీ చివర్లో 'రైట్', అంటే రాసుకో, అని కొట్టి ఎంటర్ నొక్కితేనే ఆ మాటలు లోపల పాతుకుంటాయి. నొక్కలేదా, కరెంటు పోయి వచ్చేసరికి అంతా మర్చిపోయి, ప్యాకెట్లోంచి అప్పుడే తీసినట్టు మొహం పెట్టుకుని కూర్చుంటుంది. వదిన నొక్కలేదు. మర్నాడు కరెంటు పోయింది. ఆ గొడౌన్ వాళ్లు సారుని ఫోన్లో ఉతికి ఆరేశారు. పదహారేళ్లుగా ఈ పని చేస్తున్న మనిషి, నాలాంటి వాళ్లు ఆరుగురికి నేర్పిన మనిషి, మొదటివారం కుర్రాడు చేసే తప్పు చేసింది.

"ఇంకోసారి అయితే బ్యాగు లోపల పెట్టించేస్తాను. ఆఫీసులో కుర్చీలో కూర్చోమను, ఫోన్లు ఎత్తమను" అన్నారు సారు.

ఇంకొకళ్లయితే ఎండా వానా లేకుండా హాయి అనుకుంటారు. వదిన సంగతి వేరు. బయట పనులకి వెళ్లేవాళ్లం ఆరున్నరకల్లా ఇల్లు వదలాలి. అన్నయ్య పోయింది పొద్దున ఏడుంబావుకి, వంటింట్లో. అప్పటినుంచీ వదిన ఒక్కరోజు కూడా ఆ వేళకి ఆ ఇంట్లో లేదు. పనిలేని రోజున కూడా బ్యాగు భుజాన తగిలించుకుని వచ్చి, తాళం తీసేదాకా ఆఫీసు మెట్ల మీద కూర్చుంటుంది. ఈ ముక్క నాకు వాచ్‌మన్ చెప్పాడు. సారుకి తెలియదు. బ్యాగు పోతే వదినకి పోయేది ఉద్యోగం కాదు, ఆఫీసు తెరిచేలోగా ఆ మూడు గంటలు బయట ఉండే వీలు.

మేం వెళ్లింది ఒక లాండ్రీకి. ఇంటి బట్టలది కాదు, ఆసుపత్రుల దుప్పట్లు, దిండు గలేబులు, ఆపరేషన్ గౌన్లు ఉతికే పెద్ద కార్ఖానా. ప్రతి దుప్పటి అంచులోనూ గోరంత బిళ్ల కుట్టి ఉంటుంది. యంత్రం దాన్ని చదివి, ఇది ఫలానా ఆసుపత్రిది అని తెర మీద చెబుతుంది. ముందురోజు సాయంత్రం వాళ్ల రౌటర్ చచ్చిపోయింది. అప్పటినుంచి ఏ దుప్పటి ఎవరిదో చెప్పే దిక్కు లేదు.

అక్కడి సూపర్వైజరుని అందరూ ఆవిరమ్మ అంటారు. మొహం ఎప్పుడూ కందగడ్డలా ఎర్రగా, తడిగా ఉంటుంది. మమ్మల్ని చూడగానే అందుకుంది.

"ఎనిమిదింటికి వస్తామని తొమ్మిదిన్నరకా రావడం? దుప్పట్లు నా నడుం దాకా వచ్చాయి. ఇంకాసేపుంటే నన్ను కూడా మడతపెట్టి పంపేసేవాళ్లు."

"ఎనిమిదింటికే వచ్చాం. గేటు దగ్గర మీవాడు వదల్లేదు" అంది వదిన.

"వాడా! వాడి పెళ్లాం క్యారేజీ తెచ్చినా చీటీ అడుగుతాడు. ఈ అబ్బాయెవరు? హెల్పరా?"

"మా మరిది. నన్ను కనిపెట్టుకుని ఉండడానికొచ్చాడు."

"ఎందుకూ, పారిపోతావనా?"

వదిన బ్యాగు భుజం మార్చుకుంది. నేను నవ్వబోయి మానేశాను.

రౌటర్ ఉన్నది బాయిలర్ గోడకి ఆనుకున్న చిన్న కొట్లో, తుడుపు కర్రలకీ సబ్బుపొడి డబ్బాలకీ మధ్య. పాతదాని మూత విప్పితే లోపల పచ్చగా చిలుము. ఆరేళ్లు ఆవిరి తాగితే ఇనుపపెట్టె మాత్రం ఏం చేస్తుంది. వదిన దాని తీగలన్నిటికీ చిన్న కాగితాలు అంటించి, మీద అంకెలు రాసి, ఒక్కొక్కటే పీకింది. చేతులు ఎక్కడా తడబడలేదు. కొత్తదాన్ని పెట్టి, మరలు బిగించి, నీలం తీగ ఒక కొస పెట్టెకీ ఇంకో కొస ల్యాప్‌టాప్‌కీ తగిలించింది. బోర్లించిన బకెట్ మీద తను కూర్చుంది. నాకు సబ్బుపొడి డబ్బా చూపించింది.

కరెంటు పెట్టగానే తెర మీద చెత్త. పిచ్చిగీతలు, సగం సగం అక్షరాలు. పెట్టె మాట్లాడే వేగం ఒకటి, మనం వినే వేగం ఇంకొకటి అయితే అలాగే కనిపిస్తుంది. వదిన చూపు తిప్పకుండానే వేగం మార్చింది. గీతలు పోయి మాటలు వచ్చాయి. తర్వాత వరుసలు వరుసలుగా చిన్న జల్లెడ గుర్తులు. పెట్టె తన లోపలి సరుకంతా ఒళ్లోకి దింపుకుంటోందన్నమాట. ఆ నాలుగు నిమిషాలూ చేసేదేం లేదు. గోడ అవతల డ్రమ్ములు తిరుగుతున్న చప్పుడు పళ్లలోకి వస్తోంది.

కొత్త రౌటర్ కళ్లు తెరవగానే ఒక ప్రశ్న అడుగుతుంది. నేను దగ్గరుండి అన్నీ అడిగి రాసుకోనా, అవునా, కాదా అని. అవునన్నవాడి పని అయిపోయింది. బస్సులో పక్కసీట్లో కూర్చున్న ముసలమ్మలా అడిగిందే అడుగుతూ దిగేదాకా వదలదు. వదిన 'నో' అని కొట్టింది. 'ఎనేబుల్' అంది, 'కాన్ఫిగర్ టెర్మినల్' అంది. లోపలికి వెళ్లింది. పెట్టెకి పేరు పెట్టింది. సంకేతపదం పెట్టింది. తీగ దూర్చే ఒక్కొక్క ద్వారానికీ చిరునామా ఇచ్చింది.

చిరునామా ఇచ్చినంత మాత్రాన ద్వారం తెరుచుకోదు. దాన్ని నిద్రలేపాలి, 'నో షట్‌డౌన్' అని విడిగా చెప్పాలి. నేను మొదటిసారి చేసినప్పుడు ఆ ఒక్కమాట మర్చిపోయి రెండు గంటలు తీగలు పీకి పెట్టి, పీకి పెట్టి, చెమటతో తడిసిపోయాను. వదిన వెనక నిలబడి వేరుసెనక్కాయలు వొలుచుకుంటూ చూసింది గాని చెప్పలేదు. "నేను చెబితే అది నాకు తెలిసినట్టు. నీకు తెలియాలి కదా" అంది. ఆ మాట అన్నరోజు ఇంటికెళ్లి అన్నయ్యకి చాడీ చెప్పాను. ఆయన వదినని ఒక్క మాట అనలేదు సరికదా, మిగిలిన వేరుసెనక్కాయలు ఉన్నాయా అని అడిగాడు.

ఇవాళ వదిన ఏదీ మర్చిపోలేదు. ద్వారాలన్నీ లేచాయి. లాండ్రీలో ఉన్న మూడు యంత్రాలూ మళ్లీ బిళ్లలు చదివాయి. 'రైట్' అని కొట్టింది. పెట్టె 'ఓకే' అంది.

"రాశాను" అంది పైకి, నాకు వినపడేలా.

నేను డబ్బా మీద కాస్త సర్దుకుని కూర్చున్నాను.

ఇక మిగిలింది అవతలి గొడౌన్. ఉతికిన బట్టలు లారీలో ఊరికి ఆ చివర ఉన్న గొడౌన్‌కి వెళతాయి. అక్కడ మళ్లీ బిళ్లలు చదివి, ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రికి పంపుతారు. అక్కడా ఒక రౌటర్ ఉంది. అది బాగానే ఉంది, కాకపోతే చచ్చిపోయిన పెట్టెకే ఇంకా కబుర్లు పంపుతోంది. పాత దారి చెరిపేసి కొత్త దారి రాయాలి. వెళ్లి చెయ్యాలంటే పోనూ రానూ రెండు గంటలు. ఇక్కడ కూర్చునే తీగ మీదుగా దానిలోకి వెళ్లి చెయ్యొచ్చు.

అందులో ఒక ప్రమాదం ఉంది. దూరాన ఉన్న పెట్టెలో ఒక్క ముక్క తప్పు రాస్తే, మనం వెళ్లిన దారే మూసుకుపోతుంది. అప్పుడు ఊరంతా దాటి దాని దగ్గరికి పరిగెత్తాల్సిందే. అందుకని మావాళ్లకి ఒక అలవాటు. చెయ్యి పెట్టేముందు దానికి గడువు పెడతాం. ఇంకో పది నిమిషాలకి నీ అంతట నువ్వే ఆగి మళ్లీ మొదలవ్వు అని. మనం తప్పు చేసి బయట పడిపోయామే అనుకోండి, పది నిమిషాలకి అది ఆగి, లేచి, లోపల రాసి ఉన్న పాత మాటలే పట్టుకుంటుంది. దారి మళ్లీ తెరుచుకుంటుంది. పని సరిగ్గా జరిగితే ఆ గడువు రద్దు చెయ్యాలి, తర్వాత 'రైట్' కొట్టాలి. ఆపడం, రాయడం. రెండు చెప్పులూ తొడుక్కున్నట్టు ఒకదాని వెనక ఒకటి.

వదిన గడువు పెట్టింది. నేను గోడ గడియారం చూశాను. పన్నెండూ నలభై.

పాత దారి చెరిపింది. కొత్త దారి రాసింది. తెర ఒక్క క్షణం బిగుసుకుపోయి వదిలింది. ఇటునుంచి అటు కబురు పంపి చూసింది. అందకపోతే చుక్క పడుతుంది, అందితే ఆశ్చర్యార్థకం పడుతుంది. ముందు ఒక చుక్క, తర్వాత నాలుగు ఆశ్చర్యార్థకాలు. మళ్లీ పంపితే అయిదుకి అయిదు.

ఫోన్లో గొడౌన్ పెద్దాయన అరుస్తున్నాడు. "చదువుతోంది! పచ్చలైటు! అమ్మాయ్, పచ్చలైటొచ్చింది! ఇది మూడో ఆసుపత్రి దుప్పటి అంటోంది!"

"ఏడిశావులే, కంగారుపడి నాలుగోదానికి పంపకు" అని ఆవిరమ్మ ఫోన్ లాక్కుని అరిచింది. వదిన భుజం మీద తట్టి, చేతిలో టీ గ్లాసు పెట్టింది. "చూడ్డానికి పీచులా ఉన్నావు గాని పనిమంతురాలివే" అంది. లారీకి సరుకెక్కించమని కేకలేస్తూ వెళ్లిపోయింది.

వదిన గ్లాసు పట్టుకుని లేచి, కొట్టు గుమ్మం దాటి, డ్రమ్ముల దగ్గరికి వెళ్లింది. ఒకదాని అద్దం ముందు నిలబడింది. లోపల తెల్ల దుప్పట్లు పైకి లేస్తున్నాయి, కిందపడుతున్నాయి. టీ తాగలేదు. చూస్తోంది, అంతే.

ఆపలేదు. రాయలేదు.

ల్యాప్‌టాప్ నా ఎదురుగానే ఉంది. అక్షరం పెట్టే చోట చిన్న గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. రెండు మాటలు కొడితే సరి. ఎవరికీ తెలియదు. వదినక్కూడా తెలియదు. నాకు అలవాటే.

అవును, అలవాటే. అన్నయ్య పోయాక వదిన చేసిన ప్రతి చోటునీ నేను ఆఫీసులో కూర్చునే తీగ మీదుగా లోపలికి వెళ్లి చూసేవాణ్ణి. రాయకుండా వదిలేసినవి నేను రాసేసేవాణ్ణి. ఒక్క మందుల గొడౌన్ రోజున మాత్రం నాకు నూటమూడు జ్వరం.

ఇవాళ సారు కూర్చోబెట్టింది ఎందుకు? చూసి చెప్పమని. చూశాను. ఏం చెప్పను? తెర మీద ఒక వరుస వచ్చి పడింది. అయిదు నిమిషాల్లో ఆగిపోతానని పెట్టె తనే చెబుతోంది. చుట్టూ చుక్కలు పెట్టి మరీ చెబుతోంది. అయితే చూడాల్సిన మనిషి అద్దం ముందు ఉంది.

పన్నెండూ నలభై ఏడు అయ్యింది. డబ్బా మీంచి లేచాను.

"వదినా, గడువు" అన్నాను.

తల తిప్పి నన్ను చూసింది. నా మొహం చూసింది. గ్లాసు డ్రమ్ము మీద పెట్టి, వచ్చి తెర చూసింది. చెయ్యి అక్షరాల మీదకి వెళ్లి ఆగింది.

"నోరు విప్పొద్దన్నారుగా నిన్ను" అంది.

"అన్నారు."

"మరి విప్పావేం?"

నేను గడియారం చూపించాను.

"ఒరేయ్. ఇంతకుముందు కూడా విప్పావా ఇలా?"

"లేదు వదినా. విప్పలేదు. ఆఫీసులోంచి నేనే రాసేసేవాణ్ణి."

"ఎన్ని?"

అబద్ధం చెబుదామనుకున్నాను. అంకె అప్పటికే నోట్లోకి వచ్చేసింది. "పదకొండు."

వదిన వేళ్లు ముడిచి లెక్కపెట్టలేదు. ఊళ్ల పేర్లు అడగలేదు. "అయితే అదొక్కటీ నీకు జ్వరం వచ్చిన రోజుదన్నమాట" అంది.

"రెండు నిమిషాలుంది. ఆపు వదినా."

"ఇప్పుడు ఆపితే ఆపింది నువ్వు."

"ఎవరాపితే ఏంటి, పని కావాలిగా!"

"పదకొండు చోట్ల నేనేం చేశానో నేను చూడలేదు. ఇదొక్కటి చూస్తాను." గుమ్మం లోంచి తల బయట పెట్టి కేకేసింది. "అమ్మా, గొడౌన్‌లో ఇంకో అయిదు నిమిషాలు ఆగుతుంది. తప్పు నాదే. మళ్లీ చేసిస్తాను. లారీ ఆపగలరా?"

"నిన్నట్నుంచీ ఆగింది, అయిదు నిమిషాలకి ఏం చస్తాంలే!" అని అరిచింది ఆవిరమ్మ. తర్వాత ఏదో గుర్తొచ్చి, "ఇప్పుడేగా బాగైంది? మళ్లీ ఎందుకు ఆగుతుంది?" అని అడిగింది.

"నేను మర్చిపోయాను కనక."

"ఓసి నీ అసాధ్యం కూలా! టీ వెనక్కిచ్చెయ్!"

వదిన వచ్చి బకెట్ మీద కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఒక్క నిమిషం అని ఇంకో వరుస పడింది. అది కూడా చదివింది. పన్నెండూ యాభైకి తెర బిగుసుకుపోయింది. వదిన ఇవతలి పెట్టెలోంచి అవతలికి కబురు పంపడం మొదలుపెట్టింది. చుక్క. చుక్క. చుక్క. రెండు క్షణాలకొకటి.

ఫోన్ మోగింది. గొడౌన్ పెద్దాయన. వదిన నోరు తెరిచేలోపే, "ఎర్రలైటు! ఏమైందమ్మాయ్, నేనేం ముట్టుకోలేదు, ఒట్టు!" అన్నాడు.

"మీరు కాదు బాబాయిగారూ, నేనే. ముట్టుకోవాల్సింది ముట్టుకోలేదు. కాసేపు కూర్చోండి" అని పెట్టేసింది.

చుక్కలు ఒక వరుస నిండి రెండో వరుసలోకి దిగాయి.

"ఆ రోజు నేను ఒక్కటి కూడా మర్చిపోలేదురా" అంది వదిన.

ఏ రోజో అడగక్కర్లేదు.

"మాత్ర నాలుక కింద పెట్టాను. చొక్కా గుండీలు విప్పాను. పొయ్యి ఆపాను. అంబులెన్సువాళ్లు తలుపు దగ్గర ఆగకూడదని రెండు రెక్కలూ తీసి, రెండు ఇటుకలు అడ్డం పెట్టాను. మలుపు దగ్గర రంగు దుకాణం గుర్తు చెప్పాను. పాత రిపోర్టులు తేదీల వరసన పెట్టాను. నీకు ఫోన్ చేశాను. అన్నీ చేశాను. డాక్టరు కాగితాలు చూసి, అన్నీ సరిగ్గా చేశారమ్మా అన్నాడు." చుక్కల్ని చూస్తూనే ఉంది. "అన్నీ సరిగ్గా చేస్తే మరి మనిషేడి?"

బస్సుల వేళలు చదివినట్టు చెప్పింది. గొంతు లేవలేదు, దిగలేదు. బాయిలర్ గోడ వెచ్చగా వీపుకి తగులుతోంది. నాకు అన్నయ్య మొహం గుర్తు రాలేదు. గ్రీజు అంటిన అతని బొటనవేలు గోరు గుర్తొచ్చింది, అంతే.

"అప్పట్నుంచి చివరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోతోంది. మర్చిపోవడం అనుకున్నాను. మర్చిపోవడమో, ఇంకేదో" అంది.

మూడో వరుస మధ్యలో ఒక ఆశ్చర్యార్థకం పడింది. తర్వాత వరసగా అవే.

వదిన లోపలికి వెళ్లింది. రాసి ఉన్నవన్నీ చదివింది. అన్నీ పాత మాటలే. తను ఇందాక చేసిన పనికి ఆ పెట్టెలో గుర్తు కూడా లేదు. దాన్ని కాసేపు అలా చూసింది, పక్కింటివాళ్ల వాకిట్లో ఎవరో ముగ్గు తుడిచేసినట్టు, తనకేం సంబంధం లేనట్టు.

"ఇలా ఉంటుందన్నమాట" అంది.

మళ్లీ గడువు పెట్టింది. "పది నిమిషాలు. పన్నెండూ యాభై ఏడు" అంది పైకే. పాత దారి చెరిపింది. కొత్తది రాసింది. అయిదుకి అయిదు. ఫోన్లో పెద్దాయన ఈసారి భయపడుతూ, నెమ్మదిగా, "పచ్చలైటనుకుంటా తల్లీ" అన్నాడు. వదిన గడువు రద్దు కొట్టింది. "ఆపాను." రద్దయిందని పెట్టె చెప్పేదాకా కదల్లేదు. 'రైట్' కొట్టింది. "రాశాను." అక్కడితో ఊరుకోలేదు. లోపల పాతుకున్న మాటల్ని బయటికి రప్పించి, మొదటి వరుసనుంచి చివరి వరుసదాకా వేలు పెట్టి చదివింది. తెర మీద వేలి ముద్రలు పడ్డాయి.

సారుకి చెయ్యడానికి నేను ఫోన్ తీశాను. వదిన చెయ్యి చాపింది. ఇచ్చాను. ఆవిడే నొక్కి, అందరికీ వినపడేలా పెట్టింది.

"ఏరా, ఎలా చేసింది?" అన్నారు సారు.

"నేనే సార్. పని అయింది. మొదటిసారి గడువు ఆపలేదు, రాయలేదు. మావాడు చెప్పాడు. అయినా ఆపలేదు, పెట్టె ఆగింది. రెండోసారి చేసి రాశాను."

"చెప్పినా ఆపలేదా? ఎందుకమ్మా?"

"చూడాలనిపించింది. ఇంకొకటి సార్. మందుల గొడౌన్ కాక ఇంకో పదకొండు ఉన్నాయి. అవి కూడా నేను రాయకుండా వచ్చినవే. వీడు ఆఫీసులోంచి రాశాడు, మీకు తెలియకుండా."

అవతల సారు లేచి తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"వాడు పక్కనే ఉన్నాడా?"

"ఉన్నాడు. వాణ్ణేమీ అనకండి."

"అంటాను. రేపు నా గదికి రమ్మను, కావలసినంత అంటాను." సారు గొంతు సవరించుకున్నారు. "నువ్వు రేపట్నుంచి లోపల కూర్చోమ్మా. కొన్నాళ్లు."

"కొన్నాళ్లంటే?"

"నాకు మాత్రం ఏం తెలుసు? ముందు కూర్చో. బ్యాగు అబ్బాయికిచ్చెయ్."

"సరే సార్."

ఫోన్ నాకిచ్చేసింది. నీలం తీగ చుట్ట చుట్టి, బ్యాగులో పెట్టి, జిప్పు లాగి, బ్యాగు నా ఒళ్లో పెట్టింది. "ముందు జేబు జిప్పు పళ్లు ఊడాయి. మరలు అందులో వేయకు, రాలిపోతాయి" అంది.

"నేను చెప్పకపోతే మామూలుగా..." అని మొదలుపెట్టాను.

"చెప్పకపోతే నువ్వు చెడ్డవాడివి అయ్యేవాడివి కాదు. నేను ఇలాగే పధ్నాలుగోదానికి బయల్దేరేదాన్ని. పద."

బయట లారీకి సరుకెక్కుతోంది. ఆవిరమ్మ మాకేసి చూసి, "ఈసారి ఆగితే నిన్ను డ్రమ్ములో వేసి తిప్పుతాను" అంది. వదిన తలూపింది. గేటు దగ్గర పొద్దున ఆపినవాడే బయటికి పోవడానికి కూడా చీటీ అడిగాడు. ఇచ్చాం.

బండి స్టాండు తియ్యబోతుంటే వదిన అడిగింది.

"లోపల కూర్చునేవాళ్లు ఎన్నింటికి రావాలి?"

"తొమ్మిదిన్నరకి."

"అంతకుముందు తాళం తియ్యరా?"

"తియ్యరు. మెట్ల మీద కూడా కూర్చోనివ్వరట ఇకమీదట. వాచ్‌మన్ చెప్పాడు."

అది అబద్ధం. ఎందుకు చెప్పానో నాకూ తెలియదు. బహుశా ఆవిడ మళ్లీ ఆ మెట్ల మీద కూర్చోవడం నాకు ఇష్టంలేక. వదిన ఎండకి కళ్లు చికిలించుకుని రోడ్డుకేసి చూస్తోంది. ఏడుంబావు, ఏడున్నర, ఎనిమిది, ఆ పొయ్యి, ఆ నేల, అవన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటున్నట్టు ఉంది. మొహంలో మాత్రం ఏమీ లేదు.

"నేను ఆరున్నరకి మీ ఇంటికొస్తాను" అన్నాను. "ఆ రోజు ఎక్కడికి వెళుతున్నానో చెబుతాను. అక్కడ ఏం చెయ్యాలో నువ్వు చెప్పి పంపు. వంటింట్లోనే కూర్చుందాం. బల్ల అక్కడేగా ఉంది."

"రోజూనా?"

"రోజూ."

"నీ పెళ్లాం ఊరుకుంటుందా?"

"పొద్దున్నే నా మొహం చూడక్కర్లేదంటే సంబరపడుతుంది."

వదిన నవ్వలేదు. బండెక్కి కూర్చుంది. నేను బ్యాగు మెడలో వేసుకుని, తాళం తిప్పాను. బ్యాగు బరువు నేను అనుకున్నదానికంటే ఎక్కువే. మలుపు తిరిగాక వెనకనుంచి అంది.

"ఆరున్నరంటే ఆరున్నరకే రా. ఏడింటికి కాదు."